పూర్ణహృదయంతో దేవుని సేవించడమంటే కాటా దగ్గర ఏమిటి?

కాటా గుమాస్తా (అమలాపురం వైపు), శుక్రవారం రాత్రి 10:50

అందరికీ వందనాలు. మా ఊరి ఉజ్జీవ కూటాలలో నిన్న రాత్రి ప్రసంగీకులు రెండవ దినవృత్తాంతముల గ్రంథం 25వ అధ్యాయం చదివారు. యూదా రాజైన అమజ్యా యెహోవా దృష్టికి యథార్థంగానే నడిచాడు గాని పూర్ణహృదయంతో నడవలేదన్న ఆ ఒక్క మాట మీదనే గంటన్నర సేపు మాట్లాడి, చివరకు పూర్ణహృదయం గలవారు పూర్తికాల సేవకు ముందుకు రావాలని పిలిచారు. మా బావమరిది లేచి వెళ్ళాడు. నేను కూర్చున్న చోటనే ఉండిపోయాను.

నాకు ఇద్దరు పిల్లలు. నాన్న మంచం మీద ఉన్నారు. ధాన్యం కొనే ఒక వ్యాపారి దగ్గర నేను కాటా గుమాస్తాను. మాసూళ్ళ కాలంలో తెల్లవారుజామున కళ్ళాలకు పోతే రాత్రి పదింటికి గాని ఇల్లు చేరను. సార్వాకూ దాళ్వాకూ కలిపి ఏడాదిలో కొన్ని వారాలు ఆదివారం ఆరాధనకు కూడా ప్రసంగం మొదలయ్యాక గాని అందుకోలేను. ఉపవాస కూటాలకూ రాత్రి ప్రార్థనలకూ వెళ్ళే ఓపిక ఉండదు. ఇలాంటివాడి హృదయం అమజ్యా హృదయమేనా? వాదం కోసం అడగడం లేదు, నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

విశ్రాంత మాస్టారు (రాజమహేంద్రవరం), శనివారం ఉదయం 6:15

గుమాస్తా గారూ, పూర్ణహృదయం, పూర్తికాలం అన్న రెండు మాటలు చెవికి దగ్గరగా వినబడతాయి గనుక చాలామంది ప్రసంగీకులు ఒకదాని నుండి రెండవదానికి తెలియకుండానే జారిపోతారు. అమజ్యా కథ ఆ ఒక్క వచనంతో ఆగదు, కిందికి చదవండి. ఇశ్రాయేలు నుండి లక్షమందిని వెండికి కుదుర్చుకున్నాడు. వారిని పంపివేయమని దైవజనుడు చెప్పినప్పుడు, మరి నేనిచ్చిన వెండి సంగతేమిటని అడిగాడు. పంపివేశాడు గాని మనసు వెండి దగ్గరే ఉండిపోయింది. తరువాత ఎదోమీయులను గెలిచి, ఓడినవారి దేవతలను ఇంటికి తెచ్చుకొని వాటికి మ్రొక్కాడు. మందిరానికి ఎన్ని గంటలు వెళ్ళాడన్న లెక్క ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఆయన లోపం సమయం చాలకపోవడం కాదు, మనసు రెండుగా ఉండడం.

మేము లూథరన్ సంఘస్థులం. జర్మనీ మత సంస్కర్త లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిని మా చిన్నప్పుడు కంఠతా పట్టించేవారు. పది ఆజ్ఞలు అందులో మఠాల గురించి కాక ఇల్లు, పొలం, ఇరుగుపొరుగు గురించి మాట్లాడతాయి. చెప్పులు కుట్టేవాడికీ పాలు పితికే పిల్లకూ తమ పనే దేవుని పిలుపు అని ఆయన బోధించిన కాలంలో, పిలుపు అన్న మాట సన్యాసులకూ గురువులకూ మాత్రమే చెందినదిగా ఉండేది. మనం ఇప్పుడు ఆ మాటను మళ్ళీ పూర్తికాల సేవకులకే అప్పగించేశామేమో అనిపిస్తుంది.

గట్టు మీది సహోదరుడు (నరసాపురం), శనివారం ఉదయం 8:40

మాస్టారి మాటకు మా ప్రాంతపు చరిత్ర నుండి ఒకటి చేరుస్తాను. మా బ్రదరన్ సహవాసాలకు మూలపురుషులైన బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో ఇంగ్లండులోని డెవాన్ ప్రాంతం నుండి ఈ దేశానికి వచ్చారు. విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వారిని వెంటబెట్టుకొని వచ్చిన గ్రోవ్స్ గారు పళ్ళ వైద్యులు. మా దగ్గర ఈనాటికీ చాలా సహవాసాలలో జీతం మీద కాపరి ఉండడు. వారమంతా దుకాణంలోనో బడిలోనో పనిచేసిన పెద్దలే ఆదివారం రొట్టె విరిచి వాక్యం చెబుతారు. కాబట్టి పనిచేసుకొనేవాడి హృదయం సగం హృదయమన్న మాట మా వైపు ఎవరూ అనరు.

రాజోలు కాపరి, శనివారం ఉదయం 11:05

సహోదరులు మన్నించాలి. ఆ రాతిపనివాడు ఉలినీ, చెప్పులవాడు ఆరెనూ విడిచిపెట్టి ఓడ ఎక్కారన్న సంగతి కూడా చెప్పాలి కదా. విడిచిపెట్టమన్న పిలుపు కొందరికి నిజంగానే వస్తుంది. గుమాస్తా గారి బావమరిదికి వచ్చి ఉంటే దానిని మనం తేలిక చేయకూడదు.

ఇంకొకటి. పనే ఆరాధన అన్న మాటను నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. చెప్పేవారిలో నిజంగా పనిని ఆరాధనగా చేసేవారు కొందరైతే, ఆదివారం ఉదయం మందిరం తప్పించుకోవడానికి వాడుకొనేవారు ఎక్కువమంది. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చెప్పింది, కూడుకోకపోతే హృదయం చల్లారుతుందని దానికి తెలుసు. పనిరోజుల భక్తికి ఆదివారం నిప్పుకుంపటి వంటిది. ఆ కుంపటి లేకుండా పొయ్యి ఎన్నాళ్ళు వెలుగుతుందో మీరే చెప్పండి. మాసూళ్ళ కాలంలో ఆలస్యంగా వచ్చే గుమాస్తా గారిని ఉద్దేశించి నేను ఈ మాట అనడం లేదు. ఆయన వస్తున్నారు, అది చాలు.

చెరువు కాపలా (భీమవరం), శనివారం రాత్రి 2:20

రొయ్యల చెరువు మీద నుండి రాస్తున్నాను. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గే వేళ ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోతుంది. అందుకని సంఘంలో రాత్రి ప్రార్థనలు జరిగే గంటలలోనే నేను గట్టు మీద మెలకువగా ఉండాలి. నేను వాటికి రానని మా పెద్దలు ఒకసారి అందరి ముందూ అన్నారు. ఇక్కడ కూడా నేను నిద్రపోవడం లేదని వారికి చెప్పాలనిపించింది గాని చెప్పలేదు.

లేసు దారం (నరసాపురం), ఆదివారం మధ్యాహ్నం 3:30

అయ్యగారికీ మాస్టారికీ వందనాలు. ఇంతవరకు మగవారు చేసే పనుల గురించే మాట్లాడారు గనుక నేను ఒక మాట కలుపుతాను.

మా అమ్మమ్మ, అమ్మ, నేను, మూడు తరాలుగా లేసు అల్లుతున్నాం. మిషనరీల ఇళ్ళలోని దొరసానులు ఇక్కడి ఆడవాళ్ళకు ఈ పని నేర్పారని అందరికీ తెలిసిందే. మా అమ్మమ్మకు చదువు రాదు. మందిరంలో ఏ పదవీ లేదు. రోజూ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం నాటికి ఆ కుండ ఎంత నిండితే అంత పట్టుకెళ్ళేది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున పిడికిలి చిన్నదయ్యేది గాని ఆ కుండను మాత్రం దాటిపోయేది కాదు. లేసు అల్లేటప్పుడు వెనకవైపు ముడులు చూపించి, ఏజెంటు ఎప్పుడూ తిరగేసి చూడడు, అయినా ఇక్కడ దారం వదులుగా విడిచిపెట్టకు అనేది. యొప్పేలో విధవరాండ్ర కోసం అంగీలు కుట్టిన తబితా గురించి అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఉంది. తబితా చనిపోయినప్పుడు ఆ విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె ప్రార్థనలు కావు, ఆమె కుట్టిన బట్టలు. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు మా అమ్మమ్మే గుర్తుకొస్తుంది.

అయితే ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. అమ్మమ్మ ముడులు అంత గట్టిగా వేసినందుకు ఆమెకు ఒక్క పైసా ఎక్కువ రాలేదు. ఆ లేసు ఎంతెంత ధరకు అమ్ముడుపోయేదో ఆమెకు తెలియనే తెలియదు. పని చేసేవారికి మనస్ఫూర్తిగా చేయమని చెప్పేవారు, ఆ పని కొనుక్కొనేవారికి ఏమి చెబుతున్నారు?

కువైట్ నుండి ఒక చెల్లి, ఆదివారం రాత్రి 11:45

లేసు దారం అక్కా, నా మనసులో ఉన్న మాట అడిగారు. మాది కోనసీమే. ఇక్కడ ఒకరి ఇంట్లో పనిచేస్తున్నాను. ఈ దేశంలో శుక్రవారం సెలవు గనుక ఆరాధన ఆ రోజున జరుగుతుంది. నన్ను నెలకొక శుక్రవారం పంపుతారు.

“మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి” అన్న కొలొస్సయుల వచనాన్ని ఊరి నుండి నాకు ఎంతమంది పంపారో లెక్క లేదు. దానికి ముందు వచనం “దాసులారా” అని మొదలవుతుందని ఎవరూ రాయరు. నాలుగవ అధ్యాయం మొదటి వచనం యజమానులతో, మీకూ పరలోకంలో యజమాని ఉన్నాడు గనుక న్యాయమైనది ఇవ్వండి అని చెబుతుంది. ఆ వచనం మాత్రం నాకు ఎవరూ పంపలేదు. పంపవలసింది నాకు కాదు కూడా.

ఈ ఇంట్లో ఒక ముసలావిడ ఉంది. ఆమెకు స్నానం చేయించేటప్పుడు నీళ్ళు ముందు నా మోచేతి మీద పోసుకొని చూస్తాను. మా అమ్మకైతే అలాగే చేస్తాను గనుక చేస్తాను. ఆ జాగ్రత్త నా జీతంలో లేదు, దానిని ఎవరూ కొనలేదు, అందుకే అది దేవునికి ఇవ్వడానికి నా దగ్గర మిగిలిన వస్తువు అనుకుంటాను. జీతం ఆలస్యమైనప్పుడు అడగడం కూడా ఆ పూర్ణహృదయంలో భాగమేనని నాకు నేనే చెప్పుకోవడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది.

కాటా గుమాస్తా, సోమవారం రాత్రి 11:10

అందరి మాటలూ రెండు మూడు సార్లు చదివాను. మీరందరూ నాకు ధైర్యం చెప్పారు, కాని ఆ ధైర్యానికి నేను తగను. మొదటి రోజున రాసినదానిలో ఒక సంగతి దాచాను.

మా దగ్గర బస్తా 75 కిలోలు. తేమ 17 శాతం దాటితే కొంత తగ్గించడం, ఖాళీ సంచి బరువు తీసివేయడం న్యాయమే. అవి పోను, తరుగు పేరుతో బస్తాకు మరో కిలోన్నర కోయమని యజమాని చెబుతారు. ధాన్యం ఎండి, తాలు లేకుండా శుభ్రంగా ఉన్నా ఆ కోత ఉంటుంది. చీటీ మీద ఆ అంకె వేసేది నా చెయ్యి. రైతు అడిగితే మిల్లులో ఇలాగే తీసుకుంటారండి అని చెప్పేది నా నోరు. కూటంలో నేను లేవలేకపోయింది పిల్లల కోసమో నాన్న కోసమో కాదు. లేచి నిలబడితే, ఆ సాయంత్రమే నేను తూకం వేసిన రైతు రెండు వరుసల వెనక కూర్చుని ఉన్నాడు.

విశ్రాంత మాస్టారు, మంగళవారం ఉదయం 5:50

గుమాస్తా గారూ, ఇది రాయడానికి మీరు పడిన కష్టం అర్థమైంది. నేను హెబ్రీ పండితుణ్ణి కాను, బైబిలు పాఠశాలలో కొంత నేర్చుకున్నాను. ఆ కొంతలో ఒకటి మీ కోసమే దాచినట్టుంది.

అమజ్యాకు లేదని చెప్పిన పూర్ణహృదయానికి మూలంలో వాడిన మాట షాలేమ్. లోటు లేనిది, నిండైనది, పగులు లేనిది అని దాని అర్థం. దావీదు సొలొమోనుకు బుద్ధి చెప్పేటప్పుడూ, మందిర ప్రతిష్ఠనాడు సొలొమోను ప్రజలను దీవించేటప్పుడూ హృదయం గురించి ఇదే మాట వస్తుంది. ఇక సామెతలు 11:1 చూడండి: “దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము.” అక్కడ గుండుకు, అంటే తూకపు రాయికి, వాడినది అదే మాట, స్త్రీలింగంలో షెలేమా. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో సంచిలో హెచ్చు తగ్గుల రాళ్ళు పెట్టుకోవద్దన్న చోట కూడా అదే. రాయి నిండుగా ఉండాలి, హృదయం నిండుగా ఉండాలి, రెండింటికీ బైబిలు వేరే మాట వెతుక్కోలేదు. మన తెలుగులో గుండుకూ గుండెకూ ఒక్క అక్షరమే తేడా. ఇది భాషాశాస్త్రం కాదని నాకు తెలుసు, అయినా తెల్లవారుజామున ఒక్కడినే నవ్వుకున్నాను.

మీ ప్రశ్న మొదట కాటా దగ్గర గడిచే గంటల గురించి. ఇప్పుడు కాటా గురించే. మందిరానికి ఆలస్యంగా వచ్చిన మీ హృదయానికి నేను పూచీ పడగలను. చీటీ మీద ఆ అంకె వేసే చేతికి పడలేను. చిన్న ప్రశ్నోత్తరిలో దొంగిలవద్దన్న ఆజ్ఞకు లూథర్ ఇచ్చిన అర్థం (మా లెక్కలో అది ఏడవది, మిగతా సంఘాలవారి లెక్కలో ఎనిమిదవది) తీసుకోకపోవడం దగ్గర ఆగదు. పొరుగువాని ఆస్తినీ జీవనాన్నీ కాపాడి వృద్ధి చేయడానికి సహాయపడాలని కూడా చెబుతుంది.

దాళ్వా కౌలు (ముమ్మిడివరం), మంగళవారం మధ్యాహ్నం 1:15

నేను ఇక్కడ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను. హెబ్రీ మాటలు బాగున్నాయి మాస్టారూ. నేను ఎకరాల లెక్కలో చెబుతాను. ఎకరానికి ముప్పై బస్తాలు పండితే, బస్తాకు కిలోన్నర చొప్పున నలభై ఐదు కిలోలు. మర పట్టిస్తే దగ్గర దగ్గర ముప్పై కిలోల బియ్యం. పొలం నాది కాదు, కౌలు ముందే కట్టేశాను, ఎరువు అప్పు తెచ్చి వేశాను. ఆ ముప్పై కిలోలు మా ఇంట్లో నలుగురికి నెల గ్రాసం. కోతకోసిన కూలివారి జీతం బిగపట్టితే అది మొరపెడుతుందని యాకోబు 5వ అధ్యాయంలో ఉంది. మా తరుగు కూడా మొరపెడుతుందనే నా నమ్మకం.

కాపరి గారికి కూడా ఒక మాట. కోత పండుగకు వేదిక ముందు మేము పెట్టే మొదటి బస్తాను మీరు దీవిస్తారు. ఆ పక్కనే వ్యాపారి పెట్టిన బస్తాను కూడా దీవిస్తారు. ఆయన బస్తాలో నాది ఎంతుందో నాకు తెలుసు. డెల్టాలో భక్తి మాట వస్తే అందరూ కాటన్ దొరను తలుస్తారు. ఆయన భక్తుడే, ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు, ఆ నీళ్ళే నేను వాడుతున్నాను. రాయి మోసిన కూలివాళ్ళకు ఆ రోజు కూలి సరిగా ముట్టిందా అన్నది మాత్రం నాలాంటివాడికే గుర్తుకొస్తుంది.

గుమాస్తా గారి మీద నాకు కోపం ఉంది. ఆయన చెప్పుకున్నందుకు సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది.

రాజోలు కాపరి, మంగళవారం రాత్రి 9:30

కౌలు సహోదరుడు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. పరిసయ్యులు పుదీనాలో, జీలకర్రలో పదియవ వంతు చెల్లించి న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టారని ప్రభువు మందలించిన భాగం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను, కాని కోత పండుగనాడు ఎన్నడూ కాదు. ఆ రోజు కానుకలు ఎక్కువ వస్తాయి గనుకనే కాబోలు.

గుమాస్తా గారికి రేపే పని మానెయ్యమని నేను చెప్పను. పన్నులు వసూలు చేసే సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి ఏమి చేయాలని అడిగినప్పుడు, ఆయన ఉద్యోగం విడిచిపెట్టమనలేదు, నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసుకోవద్దన్నాడు. యెహోవాను నమ్మిన సిరియా సేనాధిపతి నయమాను కూడా, నా యజమాని రిమ్మోను గుడిలో నా చేతి మీద ఆనుకొని మ్రొక్కేటప్పుడు నేను వంగితే క్షమించాలని అడిగాడు. ప్రవక్త ఎలీషా ఆయనను నెమ్మదితో పొమ్మన్నాడు. ఇతరుల చేతి కింద పనిచేసేవాడి ఇరుకు దేవునికి తెలుసు.

కువైట్ నుండి ఒక చెల్లి, మంగళవారం రాత్రి 11:55

అయ్యగారూ, నయమాను వంగినందువల్ల ఎవరి బియ్యమూ తగ్గలేదు. యోహాను చెప్పిన మాటే ఇక్కడ సరిపోతుంది, నయమాను మాట సరిపోదు.

రాజోలు కాపరి, బుధవారం ఉదయం 6:40

నిజమేనమ్మా. దిద్దుకుంటున్నాను.

కాటా గుమాస్తా, తరువాతి ఆదివారం రాత్రి 10:20

యజమానితో మాట్లాడాను. తేమకూ సంచికీ తప్ప ఇంక దేనికీ చీటీ మీద కోత వేయలేనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువుగా ఉండేది. మిల్లువాడు నా దగ్గర కోస్తున్నాడు, నేను ఎక్కడినుండి తేవాలి అని నన్నే అడిగారు, ఆ ప్రశ్న అబద్ధం కాదు. ఆ మర్నాటి నుండి నన్ను కాటా నుండి తీసి సంచుల లెక్క దగ్గర వేశారు. రోజు కూలి కొంత తగ్గింది. మా ఆవిడకు చెప్పాను, నాన్నకు చెప్పలేదు. ఆ కూటంలో వెనక కూర్చున్న రైతు ఇంటికి వెళ్ళి, నేను వేసిన చీటీలలో ఆయనవి ఎన్నో లెక్క చూసి ఒప్పుకున్నాను. అన్యాయంగా తీసుకున్నదానికి సుంకరి జక్కయ్యలా నాలుగంతలు ఇచ్చే స్థోమత నాకు లేదు. నెలకు ఇంత అని ఇస్తానన్నాను. ఆయన వద్దనలేదు, మంచిదనీ అనలేదు, లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇచ్చారు.

దాళ్వా కౌలు, ఆదివారం రాత్రి 10:45

కాటా దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?

కాటా గుమాస్తా, ఆదివారం రాత్రి 11:00

ఒక కుర్రవాడిని పెట్టారు. డిగ్రీ అయ్యి ఏడాదిగా పని వెతుక్కుంటున్నాడు. కిలోన్నర కోత అలాగే నడుస్తోంది, ఇప్పుడు చీటీ మీద చేతివ్రాత ఒక్కటే మారింది. సండే స్కూలులో అతను నా తరగతి పిల్లవాడు, మాస్టారు చెప్పిన ఆ సామెతను అతని చేత కంఠతా పట్టించినవాడిని నేనే. రేపు సాయంత్రం వాళ్ళింటికి వెళ్తున్నాను. ఏం చెప్పాలో ఇంకా తేలలేదు, వాళ్ళమ్మ మాత్రం కొడుక్కి పని దొరికిందని ఇవాళ మందిరంలో కృతజ్ఞతా కానుక వేసింది.